చెక్కలో దాగిన పొగ

ఒకరి ఇంట వాడిన సామాను మరొకరి ఇంటికి చేరడం నామోషీగా భావించవలసిన విషయమేమీ కాదు. వడ్డీతో కూడిన వాయిదాల మీద కొత్త సోఫా తెచ్చుకోవడం కన్నా చేతిలో ఉన్న రొక్కంతో పాత సోఫా కొనుక్కోవడమే మేలని తలచే కుటుంబాలు మా గుంటూరులో చాలానే ఉన్నాయి. మాదీ అటువంటి ఇల్లే. మా వారు ప్రైవేటు కళాశాలలో అధ్యాపకులు. వాయిదా పత్రం మీద వడ్డీ అన్న మాట కనిపించకపోయినా, లెక్క వేసి చూస్తే అది అందులోనే ఉంటుందని ఆయన మొదటినుంచీ అంటారు. అందువల్ల కిందటేడు హాలులోకి ఒక సోఫా సెట్టు, బట్టలకు ఒక చెక్క బీరువా కావలసి వచ్చినప్పుడు పాత సామాను అమ్మే అంగడికే వెళ్లాము. రెండూ కలిపి 14,000 రూపాయలకు వచ్చాయి.

కర్ర మంచి టేకు. అతుకులు గట్టిగా ఉన్నాయి. అంగడిలో వాటినుంచి గులాబీ అత్తరు గుప్పుమన్నది. ఇంటికి చేరిన మూడవ రోజుకు ఆ అత్తరు తేలిపోయి, దాని అడుగున అణిగి ఉన్న సిగరెట్టు వాసన పైకి వచ్చింది.

పొగాకు వాసన మా ప్రాంతం వారికి కొత్తది కాదు. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం ఉన్నది మా ఊళ్లోనే. ఒంగోలు, కందుకూరు, టంగుటూరు వైపు వెళితే వేలం కేంద్రాలు, పల్లెల్లో ఆకును కాల్చే బ్యారన్లు కనిపిస్తాయి. ఆకు గ్రేడింగు పనికి వెళ్లి వచ్చే స్త్రీలు మా బంధువుల్లోనూ ఉన్నారు. వారి చీరల్లో ఉండే వాసన వేరు. అది ఎండిన ఆకు ఘాటు, కొంచెం తీపి కలిసినది. ఏళ్ల తరబడి మూసిన గదిలో కాలిన సిగరెట్ల పొగ చెక్కలోనూ గుడ్డలోనూ ఇంకి మాగితే పుట్టే వాసన వేరు. తడిసిన బూడిద వంటిది. పుల్లగా ఉండి గొంతులో పట్టుకుంటుంది.

హాలులో సోఫా పక్కనే మేము ముసల్లా పరచుకుంటాము. నిలబడినంతసేపు అంతగా తెలియని ఆ వాసన, సజ్దాలోకి వెళ్లగానే సోఫా అడుగునుంచి నేరుగా ముఖానికి తగిలేది. పొగ వాసన ఉన్నంత మాత్రాన నమాజు చెల్లకుండా పోదు, అది నజాసత్ కాదు. అయినా, పచ్చి వెల్లుల్లి, ఉల్లి తిన్నవారు ఆ వాసన పోయేవరకు మస్జిదు దరికి రావద్దని దైవప్రవక్త (స) ఆదేశించిన సంగతి, మనుషులకు బాధ కలిగించేది దైవదూతలకూ బాధ కలిగిస్తుందని ఆయన తెలిపిన సంగతి మనమందరం ఎరిగినవే. ఆహారపు వాసన విషయంలోనే అంత సున్నితమైన మర్యాద నేర్పిన ధర్మం మనది.

నమాజు సంగతి అలా ఉండగా, మా ఆందోళనకు మరో కారణమూ ఉంది. ఆరేళ్ల మా చిన్నమ్మాయికి ఉబ్బసం. ఆ నెలలో దానికి రాత్రి దగ్గు ఎక్కువైంది. వైద్యులు అడిగిన మొదటి ప్రశ్న, ఇంట్లో ఎవరైనా సిగరెట్టు తాగుతారా అని. ఎవరూ తాగరని చెప్పి, సోఫా సంగతి కూడా చెప్పాము. దగ్గుకు అదే కారణమని ఆయన నిర్ధారించలేదు. కాని ఉబ్బసం ఉన్న పిల్ల తిరిగే గదిలో అటువంటి సామాను లేకపోవడమే మంచిదన్నారు.

మా అత్తమ్మ వెంటనే ఒక ఉపాయం చెప్పారు. "నాలుగు శుక్రవారాలు ఊదు వేస్తే అదే పోతుందమ్మా" అన్నారు. ఊదు పొగ మన ఇళ్లలో ఎంత ప్రీతికరమైనదో చెప్పనక్కరలేదు. కాని ఉబ్బసం ఉన్న పిల్లకు ఏ పొగైనా పొగే. పైగా ఊదు గాని, అత్తరు గాని, అగరుబత్తి గాని, అంగళ్లలో అమ్మే సుగంధపు స్ప్రేలు గాని సిగరెట్టు వాసనను తీసివేయవు, దాని మీద మరొక వాసనను కప్పుతాయి. అంగడివాడు చేసింది కూడా అదే కదా.

ఇక్కడ కాస్త శాస్త్ర విషయం చెప్పక తప్పదు. సిగరెట్టు పొగ గాలిలో కలిసి పోయినట్లు కంటికి కనిపిస్తుంది గాని, దానిలోని నికోటిన్, తారు జిగటగా గోడలకు, తెరలకు, చెక్కకు, దూదికి అంటుకుంటాయి. అక్కడినుంచి మెల్లమెల్లగా మళ్లీ గాలిలోకి వస్తూ ఉంటాయి. తాగేవాడు పీల్చేది మొదటి పొగ, పక్కనున్నవాడు పీల్చేది రెండవ పొగ, ఇలా వస్తువులకు పట్టి మిగిలేది మూడవ పొగ అని శాస్త్రజ్ఞులు పేరు పెట్టారు. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల వారు 2010లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, వస్తువుల మీద నిలిచిన నికోటిన్ గాలిలోని నైట్రస్ ఆమ్లంతో కలిసి, క్యాన్సరుకు దారితీయగల నైట్రోసమీన్లనే పదార్థాలను పుట్టిస్తుంది. ఆ నైట్రస్ ఆమ్లం గ్యాసు పొయ్యినుంచి, వాహనాల పొగనుంచి ఇళ్లలోకి చేరుతూనే ఉంటుంది. శాన్ డియేగోలోని పరిశోధకులు పొగతాగేవారు ఖాళీ చేసిన ఇళ్లను పరీక్షించి, శుభ్రం చేసి, నెలల తరబడి ఖాళీగా ఉంచిన తర్వాత కూడా ఆ గదుల్లో నికోటిన్ మిగిలే ఉందని 2011లో తెలిపారు. నేల మీద పాకే పసిపిల్లలు, చేతులు నోట్లో పెట్టుకునే పిల్లలు దీనికి ఎక్కువగా లోనవుతారు. బహిరంగ ప్రదేశాల్లో పొగతాగరాదన్న నిబంధన మన దేశంలో 2008 అక్టోబరు 2 నుంచి అమలులో ఉంది. చట్టం ఇంటి గడప దాటి లోపలికి రాదు. పాత బీరువా మాత్రం వస్తుంది.

మా వారు అంగడికి వెళ్లి సంగతి చెప్పారు. "సార్, పాత సామానుకు పాత వాసన ఉండదా?" అని అంగడి యజమాని నవ్వాడట. ఆయన కూడా మన సోదరుడే. దైవప్రవక్త (స) బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలిందని, వానకు తడిసిందని వర్తకుడు చెప్పగా, ఆ తడిసిన భాగాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన అడిగారని, మోసగించేవాడు మనవాడు కాడని హెచ్చరించారని సహీహ్ ముస్లింలోని హదీసు తెలుపుతుంది. సామానుకు వాసన ఉండటం వర్తకుని దోషం కాదు. ఆ వాసన మీద గులాబీ అత్తరు చల్లి ఊరుకోవడం ఆ తడి ధాన్యం మీద పొడి ధాన్యం పరచడమే. లోపం బయటపడిన వస్తువును తిరిగి ఇచ్చే హక్కు కొనుగోలుదారుకు ఉందని ఫిఖహ్ గ్రంథాలు చెబుతున్నాయి. ఆ మాట గుర్తుచేసిన మీదట, సామాను వెనక్కి తీసుకొని డబ్బు ఇచ్చివేస్తానని యజమాని ఒప్పుకున్నాడు కూడా.

మా వారు ఇంటికి వచ్చి ఆలోచనలో పడ్డారు. తిరిగి ఇస్తే మా డబ్బు మాకు వస్తుంది. ఆ సామాను మీద మళ్లీ అత్తరు చల్లుతారు. మరో ఇంటివారు కొంటారు. ఆ ఇంట్లోనూ పిల్లలుంటారు. రెండు రోజుల పాటు మేము దీనిపైనే మాట్లాడుకున్నాము. చివరకు, శుభ్రం చేయగలిగినంత చేద్దాము, కానిది పారవేద్దాము, తిరిగి మాత్రం ఇవ్వవద్దు అని నిశ్చయించుకున్నాము. చిన్నమ్మాయిని నెల రోజులు మా అమ్మగారింటికి పంపాము.

ఇక పని. ఏది శుభ్రపడుతుంది, ఏది పడదు అన్నది ముందు తేల్చుకోవాలి. తెల్లని పాత గుడ్డను గోరువెచ్చని నీటిలో ముంచి, గట్టిగా పిండి, బీరువా లోపలి పలక మీద ఒకసారి తుడిచి చూశాము. గుడ్డ టీ డికాక్షన్ రంగుకు మారింది. అదే తారు. బీరువా బయటి వైపు పాలిష్ ఉంటుంది గనుక పొగ పైపైనే నిలుస్తుంది. లోపలి వైపు, వెనుక పలకలు, సొరుగుల అడుగు భాగాలు, సోఫా చట్రం కింది భాగం పచ్చి చెక్క. పొగ ఇంకేది అక్కడే. సామాను కొనేటప్పుడు ముందువైపు తళతళను చూడటం కన్నా ఒక సొరుగును పూర్తిగా బయటికి లాగి, తిరగేసి, ముక్కు దగ్గర పెట్టుకొని చూడటం ఉపయోగకరం.

మొదట పొడి బ్రష్షుతో దుమ్మంతా దులిపాము. తర్వాత గోరువెచ్చని నీటిలో గిన్నెలు తోమే ద్రవ సబ్బు కొద్దిగా కలిపి, పిండిన గుడ్డతో తుడిచాము. ఇది తారు జిడ్డును తీస్తుంది. ఆ తర్వాత వెనిగరు, నీరు సమపాళ్లలో కలిపి మరొకసారి తుడిచాము. నికోటిన్ క్షార స్వభావం కలది. వెనిగరులోని ఆమ్లంతో కలిసినప్పుడు అది లవణంగా మారి, గాలిలోకి లేవకుండా నీటిలో కరిగి గుడ్డకు వచ్చేస్తుంది. సబ్బుకు లొంగని వాసన సిర్కాకు లొంగడంలో కిటుకు ఇదే. దైవప్రవక్త (స) మెచ్చిన వ్యంజనాల్లో సిర్కా ఒకటని మనకు తెలుసు గాని, అది బీరువాకు కూడా పనికివస్తుందని మా అత్తమ్మ నమ్మడానికి కొంత సమయం పట్టింది. బజారులో దొరికే తెల్ల వెనిగరులో అధిక భాగం కృత్రిమంగా తయారుచేసిన ఎసిటిక్ ఆమ్లమే గనుక, మద్యంనుంచి వచ్చిందేమోనన్న శంక కూడా దానికి అక్కరలేదు. వెనిగరు సొంత వాసన ఒకటి రెండు రోజుల్లో పోతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. వాసన త్వరగా పోవాలని వెనిగరులో బ్లీచింగు ద్రవం గాని, పొడి గాని కలపరాదు. వాటి కలయికలో క్లోరిన్ వాయువు పుడుతుంది, అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోవాలి, నికోటిన్ చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. నీటిని మాటిమాటికీ మార్చాలి, లేకపోతే ఒక పలక మురికిని మరో పలకకు పూసినట్లే అవుతుంది. మేము ఆ బీరువాకు ఒక్క రోజులో తొమ్మిది బకెట్లు మార్చాము. చెక్కను నీళ్లతో తడిపేయరాదు. ప్లైవుడ్ అయితే పొరలు లేచిపోతాయి. ఆరబెట్టడం కూడా నీడలో, గాలి ఆడే చోటనే. గుంటూరు మే నెల ఎండలో నేరుగా నిలబెడితే టేకు తలుపు కూడా వంకర తిరుగుతుంది.

వారం ఆరాక వాసన సగం తగ్గింది. మిగిలిన సగం పచ్చి చెక్క లోతుల్లో ఉన్నది. దానికి వడ్రంగి చెప్పిన మార్గం అనుసరించాము. లోపలి పలకలను గరుకు కాగితంతో తేలికగా రుద్ది, దుమ్ము తుడిచి, స్పిరిట్టులో కరిగించిన లక్క పాలిష్ రెండు పూతలు వేశాడు. లక్క ఆరిన తర్వాత లోపలి వాసనను బయటికి రానివ్వని పొరగా నిలుస్తుంది. ఇది కప్పిపుచ్చడం కాదా అని మా వారిని సరదాగా అడిగాను. అత్తరు ఎగిరిపోతుంది, లక్క ఎగిరిపోదు, పైగా దీన్ని మనం ఎవరికీ అమ్మడం లేదు అన్నారు. సొరుగుల్లో కొన్నాళ్లు వంటసోడా పోసిన గిన్నెలు, ఇస్త్రీ బొగ్గులు కట్టిన పలుచని గుడ్డ మూటలు ఉంచాము. వాటివల్ల కొంత ప్రయోజనం ఉంది. వాటితోనే పని అయిపోతుందని మాత్రం ఆశించరాదు.

సోఫా మెత్తల సంగతి వేరు. స్పాంజిలో లెక్కలేనన్ని గదులుంటాయి, ప్రతి గదిలోనూ పొగ ఉంటుంది. ఉతికినా లోపలికి నీరు సరిగా పోదు, పోయిన నీరు సరిగా రాదు. ఎండబెడితే రెండు రోజులు తగ్గినట్లుండి, మనిషి కూర్చోగానే ఆ ఒత్తిడికి వాసన బుస్సున బయటికి వస్తుంది. వాటిని తీసివేయడం తప్ప మరో దారి లేదు.

ఆ మెత్తలు వరండాలో ఉండగా మా ఇంట్లో పనికి వచ్చే ఆమె చూసింది. "పారేస్తారా అమ్మా? నాకివ్వండి, పిల్లోడికి పక్కలోకి పనికొస్తాయి. వాసనేగా, ఎండలో ఏస్తే పోదా?" అన్నది. ఆమె కొడుక్కు అప్పటికి పది నెలలు. ఇంట్లో పనికిరానిది పేదవారికి ఇచ్చి, దానిని దానమనుకోవడం మనలో ఎంత సహజంగా జరిగిపోతుందో ఆలోచించండి. దివ్య ఖుర్‌ఆన్‌లోని బఖరా సూరాలో అల్లాహ్ ఈ విషయమై మనల్ని వారించాడు. మీకే ఎవరైనా ఇస్తే కళ్లు మూసుకుంటే తప్ప తీసుకోని నాసిరకం వస్తువును దైవమార్గంలో ఇవ్వడానికి పూనుకోవద్దని ఆ ఆయతు భావం. ఈ మెత్తలను తీసుకోవాలంటే కళ్లు మూసుకుంటే చాలదు, ముక్కు కూడా మూసుకోవాలి. ఆమెను కూర్చోబెట్టి పాప దగ్గు సంగతి, చెక్కను తుడిచిన గుడ్డ సంగతి చెప్పాను. నేను ఇవ్వడానికి ఇష్టపడక సాకులు చెబుతున్నానని ఆమె ముఖంలో కొంత అనుమానం కనిపించింది. ఆ సాయంత్రమే మా వారు మెత్తలను కత్తితో ముక్కలుగా కోసి, ఎవరూ ఏరుకోవడానికి వీలు లేకుండా మునిసిపాలిటీ బండికి వేశారు.

కొత్త మెత్తలు దూదితో చేయించాము. మా పుట్టింటివారు దూదేకులవారు, నూర్‌బాషాలని కూడా అంటారు. మా తాతగారు ఏకే విల్లు భుజాన వేసుకొని పల్లెలు తిరిగేవారు. ఆ నారి మోత వింటే ఏ ఇంటి పరుపు విప్పారో వీధికంతటికీ తెలిసేది. దూది పరుపులోని గొప్పతనం అది విప్పదగినది కావడమే. ఏడాదికో రెండేళ్లకో విప్పి, ఏకి, ఎండలో పరచి, దుమ్ము పోగొట్టి మళ్లీ కుట్టుకోవచ్చు. నులక మంచం కూడా అంతే, నులక విప్పి కడిగి తిరిగి అల్లుకోవచ్చు. ఆ రోజుల్లో మా ముత్తవ్వ చుట్ట తాగేదని చెబుతారు. ఆమె మంచం మాత్రం మా మేనత్త ఇంట్లో ఇప్పటికీ ఏ వాసనా లేకుండా ఉంది. ఇప్పుడు మా పిన్నమ్మ కొడుకు యంత్రం మీద దూదేకుతున్నాడు. సోఫాకు బూరుగు దూది వేయమని అడిగాను. "అక్కా, బూరుగు దిండ్లకు బాగుంటుంది. కూర్చునే మెత్తకు అణిగిపోతుంది, పత్తి దూదే వేయాలి" అన్నాడు. ఏకే దుమ్ము మా ఇంటికి రాకుండా పనంతా తన కొట్టులోనే చేశాడు. దగ్గరగా నేసిన గుడ్డతో గలీబులు కుట్టించి, వారానికొకసారి ఎండకు వేస్తున్నాము. పనికి వచ్చే ఆమె పిల్లవాడికి కూడా ఒక చిన్న పరుపు చేయమని అతడికి అప్పుడే చెప్పాము. అది చూశాకే నా మాట మీద ఆమెకు నమ్మకం కుదిరింది.

సామాను శుభ్రమయింది. మా బావగారి సంగతి మిగిలింది. మా వారి అన్నగారు నెలకు రెండు మూడు సార్లు ఒంగోలునుంచి వస్తారు. ఎంతో ఆప్యాయులు. మా ఇంట్లో ఎన్నడూ సిగరెట్టు వెలిగించలేదు. వీధి చివరికి వెళ్లి తాగి, తిన్నగా వచ్చి చిన్నమ్మాయిని ఒళ్లో కూర్చోబెట్టుకుంటారు. చొక్కాలో, మీసంలో, వేళ్లలో ఉన్నది మూడవ పొగే. పొగతాగడం హరామా, మక్రూహా అన్న విషయంలో పండితుల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. నేటి పండితుల్లో చాలామంది హరామనే అంటున్నారు. ఆ చర్చను పెద్దవారి ముందు తమ్ముడు ఎత్తడం ఎలా? మరదలిని, నేనెలా అనగలను? మేమిద్దరం ఊరుకున్నాము.

మా అత్తమ్మ ఊరుకోలేదు. ఆ తొమ్మిది బకెట్లలో నాలుగింటిని మోసింది ఆవిడే. బీరువా తుడిచిన గుడ్డల్లో ఒకదాన్ని ఎందుకో పారవేయకుండా దాచారు. బావగారు ఈసారి వచ్చినప్పుడు ఆ గుడ్డ తెచ్చి ముందు పెట్టి, "ఇది చెక్క మీదినుంచి వచ్చింది నాయనా. నీ గుండెల్ని తుడవడానికి నా దగ్గర గుడ్డ లేదు" అన్నారు. ఆయన ఆ గుడ్డను చాలాసేపు చూశారు. ఏమీ అనలేదు. సిగరెట్టు మానారని చెప్పలేను. కాని ఆ తర్వాతనుంచి వచ్చిన వెంటనే స్నానాల గదిలోకి వెళ్లి చేతులు, నోరు కడుక్కొని, మా ఇంట్లో ఉంచుకున్న వేరే చొక్కా తొడుక్కున్నాకే పాపను పిలుస్తున్నారు. మధ్యాహ్నం వీధి చివరికి వెళ్లడం కూడా రెండు సార్లనుంచి ఒకసారికి తగ్గింది.

మొత్తం పనికి ఆరు వారాలు పట్టింది. మెత్తలు, లక్క పాలిష్, వడ్రంగి కూలి కలుపుకొన్నా కొత్త సామాను ధరలో సగం కూడా కాలేదు. పాప తిరిగి వచ్చింది. ఇన్‌హేలరు ఇంకా వాడుతున్నాము. బీరువాలో అన్నిటికన్నా కింది సొరుగు ఒక్కటి పూర్తిగా లొంగలేదు. ముసురు పట్టి గాలిలో తేమ పెరిగిన రోజుల్లో దానినుంచి సన్నగా ఆ వాసన వస్తుంది. అందులో బట్టలు పెట్టడం మానివేసి, దానిని వరండాలోకి మార్చి, సుత్తి, మేకులు, తాళాలు వేసుకుంటున్నాము. ఈ ఎండాకాలం దానికి మరొక పూత వేస్తానని వడ్రంగి అన్నాడు.